మూడుసార్లు తీసేసిన వీడియో

దెయ్యాల మాట అటుంచండి, నేను మనుషులనే అంత తొందరగా నమ్మేదాన్ని కాదు. పాలాయన నీళ్ళు కలపకుండా పోసినా కలిపినాడనే అంటాను. మా ఆయన నన్ను సీఐడీ అని ఏడిపిస్తాడు. ఇంట్లో పటాలకు దీపం పెడతాను గానీ దిష్టి, గాలి అని మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది రాసేది అట్లాంటి మనిషి అని ముందే చెప్తున్నాను.

నిజానికి నా అనుమానమే నాకు అన్నం పెడుతోంది. కర్నూల్లో ఒక కాంట్రాక్టు ఆఫీసులో పని చేస్తాను. జనం ఫోన్లలో పెట్టే వీడియోలు, కామెంట్ల మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే అవి మా ముందుకొస్తాయి. చూసి, ఉంచాలో తీసెయ్యాలో నొక్కడమే మా పని. మా సీమ యాసవన్నీ నాకే వేస్తారు. నేను చేరకముందు వేరే జిల్లా పిల్లలు చూసేవాళ్ళంట. మావాళ్ళు ప్రేమగా "ఏమప్పా, సచ్చినావా బతికినావా, కనపడకుండా పోతివి" అని పలకరించినా బెదిరింపు అని తీసేసేవాళ్ళంట. వినీ వినీ నాకు నవ్వాలో తిట్టాలో తెలీలేదు.

మా పని పద్ధతి కొంచెం చెప్పాలి. ఒక్కో వీడియోకు నలభై సెకన్లు. పెట్టినవాళ్ళ పేరు, ఊరు, తేదీ మాకు కనపడవు. తప్పు మాట ఎక్కడ వినపడితే అక్కడే ఆపి తీసెయ్ నొక్కాలి, మిగతాది వినే పనిలేదు. ఫోన్లు బయట లాకర్లో పెట్టాలి. పెన్ను, కాగితం లోపలికి రానియ్యరు. అన్నిటికంటే పెద్ద తలనొప్పి ఇంకొకటుంది. మమ్మల్ని పరీక్షించడానికి క్వాలిటీవాళ్ళు మధ్యమధ్యలో వాళ్ళ వీడియోలు కలుపుతారు. ఏది నిజమైనదో, ఏది పరీక్షదో మాకు చెప్పరు. తప్పితే మార్కులు పోతాయి, మార్కులు పోతే కాంట్రాక్టు పొడిగించరు. అందుకని మా గదిలో ఎవరికైనా తెరమీది ఏడుపు నటనలాగే కనపడుతుంది.

పోయిన ఎండాకాలం మొదట్లో, ఒక సోమవారం పొద్దున, టీకి లేవబోతుండగా ఆ వీడియో మొదటిసారి వచ్చింది.

అరవై ఏళ్ళ ఆడమనిషి. వెనక నీలం రంగు మెట్లున్న చిన్న చర్చి. ఆమె కుడి చెవి తమ్మె తెగి రెండుగా వేలాడుతోంది. చేతిలో చిన్నపిల్లలు వేసుకునే పసుప్పచ్చ చెప్పు ఒకటుంది. నేరుగా నావైపు చూసి, "నీ చేతులు నరుకుతా రేయ్, నేనే నరుకుతా" అనింది. ఆపినాను, తీసెయ్ నొక్కినాను. పది సెకన్లు కూడా పట్టలేదు. నాకేమీ అనిపించలేదు కూడా, ఆ ఉద్యోగంలో దినమూ వినే మాటే అది.

గురువారం మళ్ళీ అదే వచ్చింది. ఒకసారి తీసేసింది మళ్ళీ మా దాకా రాకూడదు, యంత్రమే దాన్ని పట్టేస్తుంది. వచ్చిందంటే అది పరీక్షే. అంతకుముందు నెల నాకు మార్కులు తగ్గినాయి, ఇంకేముంది, నా మీద కన్నేసినారు అనుకున్నాను. ఈసారి కొంచెం ఎక్కువ విన్నాను. "నీళ్ళు పడకపోతే పోనీ, పైపు ఎందుకు పీకినావురా? గోనెసంచి కప్పితే అది మూత అయితాదా?" అని ఆమె గొంతు చించుకుంటా ఉంది. అబ్బో, ఎంత బాగా చేసిందమ్మా మహాతల్లి అనుకున్నాను. ఎవరికో డబ్బులిచ్చి తీయించుంటారు, లేకపోతే ఇప్పుడు యంత్రాలే మొహాలు, గొంతులు తయారుచేస్తున్నాయి కదా. రెండోసారీ తీసెయ్ నొక్కినాను.

పైపు సంగతి మా పక్కవాళ్ళకు చెప్పక్కర్లేదు. బోరు వేస్తే నీళ్ళు పడకపోతే, పైన దింపిన కేసింగు పైపును పీక్కొని ఇంకో తావున వేసే బోరుకు వాడుకుంటారు. మిగిలిన గుంత మీద గోనెసంచి పరిచి, కంప వేసి, రెండు రాళ్ళు పెడతారు. మా నాయన కూడా అదే చేసినాడు. అందులో ఎవరికీ తప్పు కనపడదు.

మరుసటి వారం బుధవారం మూడోసారి వచ్చింది. నాకు పంతం పుట్టింది. నలభై సెకన్లు దాటితే తెరమీద ఎర్రగీత పడుతుంది, పడితే పడనీ అని చివరిదాకా విన్నాను.

"మా ఎస్తేరు చెప్పు ఒకటే దొరికింది. ఇంకొకటి దాని కాలికే ఉండాది, లోపల. మొదట్లో 'జేజీ' అని పిలిచిందంట. తర్వాత పిలవలేదంట. యాడన్నా ఇట్లాంటి గుంత ఉంటే మూయండప్పా. నా మాట తీసెయ్యొద్దండి."

మా పక్క నాయనమ్మను జేజి అంటారు, ఆమె చెప్పేది మనవరాలి గురించి. అయినా తీసెయ్ నొక్కినాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నొక్కినాను. ఏడిస్తే బెదిరింపు బెదిరింపు కాకుండా పోదు అని మాకు నేర్పించినారు. పైగా ఆ చివరి మాట వినగానే, చూడు, జాలి పడతానేమో అని ఎర వేస్తున్నారు అనిపించింది.

మధ్యాహ్నం అన్నానికి పోలేదు. మా టీం లీడర్ రఫీ సార్ దగ్గరికి పోయి, అది మీ పరీక్షేనా అని మొహమ్మీదే అడిగినాను.

"పరీక్ష అయితే పరీక్ష అని మీకు చెప్తామా అమ్మా?" అని నవ్వినాడు. నేను నవ్వలేదు. అప్పుడు కంప్యూటర్లో నా పనంతా తీసి, శానాసేపు వెతికినాడు. "నీ పేరు కింద అట్లాంటి వీడియోనే లేదు. సోమవారం లేదు, గురువారం లేదు, ఈరోజూ లేదు. రెండురోజులు సెలవు పెట్టుకోరాదా?" అన్నాడు. దొంగ మొహం పెట్టినాడు అనుకున్నాను. పాపం, ఇప్పుడు ఆలోచిస్తే ఆ మనిషి నిజంగానే భయపడినాడేమో.

వీడియోలో ఆ చర్చి గోడమీద బోర్డుంది, దానిమీద ఊరి పేరుంది. సాయంత్రం బస్సెక్కగానే పక్కాయన్ని పెన్నడిగి టికెట్టు వెనక రాసుకున్నాను. ఇంటికి పోయి మా ఆయనకు అంతా చెప్పినాను, చెప్పు, చెవి, పాప పేరు, పైపు, అన్నీ. ఆదివారం పోయి చూద్దామన్నాను. జాలితో అనలేదు, ఆ నాటకం ఆడేవాళ్ళను పట్టుకుందామనే అన్నాను. కానీ నాలుగు రాత్రులు నిద్ర సరిగా పట్టలేదు. ఒకవేళ అది నిజమైతే, బిడ్డను పోగొట్టుకున్న ఆమె నోరు మూడుసార్లు మూసింది నేనే కదా.

కోడుమూరు దాటి లోపలికి పోవాలి. ఊరి పేరు రాయను. మేం బండిమీద పోయేసరికి పదకొండు దాటింది, ఆరాధన అయిపోయి జనం బయటికొస్తున్నారు. నీలం మెట్లు, వీడియోలో చూసినవే. ఆ మెట్ల మీద నుంచే ఆమె దిగింది, చేతిలో బైబిలు, తెగిన చెవి తమ్మె. దొరికినావు, ఎంతిచ్చినారే నీకు అని అడగడానికి నోరు తెరిచినాను.

ఆమె వెనక్కి తిరిగి, "ఎస్తేరూ, దుంకొద్దే, పడతావు" అని అరిచింది.

ఐదారేళ్ళ పాప, రెండు కాళ్ళకూ పసుప్పచ్చ చెప్పులు, ఒక్కో మెట్టూ దుంకుతా వస్తోంది. నేను కింది మెట్టుమీద కూర్చుండిపోయినాను.

"వందనాలమ్మా, ఎండ తగిలిందా?" అని ఆమే నీళ్ళు తెప్పించింది. పేరు సువార్తమ్మ. పాప ఆమె మనవరాలు. ఫోనులో మీ వీడియో చూసినాను అంటే పకపకా నవ్వింది. "నన్నెవరు తీస్తారమ్మా వీడియో, నా మొగానికి? ఇదో, నా ఫోను" అని రబ్బరుబ్యాండు వేసిన బటన్ల ఫోను చూపించింది. నటన కాదు. నటనను పట్టుకోవడమే కదా నా పని, ఆ నవ్వులో నాకేమీ దొరకలేదు. మా ఆయన నా చెయ్యి పట్టుకొని పోదాంపా అన్నాడు. నేను కదల్లేదు. మీకు ఎండిన బోరు ఏమన్నా ఉందా అని అడిగినాను.

"ఉండాది, మా దానియేలు వేసినాడు, ఒక్క చుక్క పడలే. ఈడనే, చర్చి ఎనకాల" అనింది. దానియేలు ఆమె కొడుకు, ఆ పాప తండ్రి. ముప్పై ఏళ్ళ పిల్లోడు, తెల్లచొక్కాలో అక్కడే ఉన్నాడు. నాకు అప్పుడు తెలిసింది, వీడియోలో ఆమె ఎవరి చేతులు నరుకుతాననిందో. నేను ఎవరో పెద్ద రైతనుకున్నాను.

చేన్లోకి పోయినాం. గోనెసంచి, కంప, రెండు రాళ్ళు. పక్కనే పొట్టేళ్ళు తోలుకుపోయే దోవ, ఆ పాప దినమూ నడిచే దోవ. దానియేలు సంచి తీసినాడు. జానెడున్నర వెడల్పు నల్లటి గుంత. రాయి వేసినాను, కిందపడిన చప్పుడు వినపడలేదు. అంతలో నా నడుము పక్కనుంచి పాప తల లోపలికి వంగింది. దాని రెక్క పట్టి వెనక్కి గుంజినాను. "కాళ్ళు విరగ్గొడతా ఈ పక్కకు వస్తే!" అని నేను అరిచిన అరుపుకు పాప ఏడుపందుకుంది.

దానియేలుకు కోపమొచ్చింది. "యాడినుంచో వచ్చి మా పాపను కొడతాండావేందక్కా? ఊర్లో అందరూ ఇట్లనే కప్పుతాండారు" అన్నాడు.

"పైపు ఎప్పుడు పీకినావప్పా?" అని అడిగినాను.

"మొన్న శుక్రవారం."

మళ్ళీ అడిగినాను. మొన్న శుక్రవారమే, లారీవాళ్ళు వచ్చి పీకినారు, గురువారం దాకా పైపు నేలమీద రెండడుగులు ఉండింది, ఆ పైపుకే పొట్టేలును కట్టేసేవాళ్ళం అని చెప్పినాడు. నేను మా ఆయన మొహం చూసినాను. బుధవారం సాయంత్రమే నేను ఆయనకు పైపు పీకిన సంగతి చెప్పినాను. ఆయన చొక్కా విప్పి గట్టుమీద వేసి, రాళ్ళు ఎత్తడం మొదలుపెట్టినాడు.

దానియేలు ఇంకా గొణుగుతుంటే సువార్తమ్మ, "రేయ్, ఆ పిల్ల దాంట్లోకి వంగింది చూసినావా లేదా? మన్ను తేపో" అని కసిరింది. మొగోళ్ళు ఇంకో ఇద్దరు వచ్చినారు. సాయంత్రందాకా రాళ్ళు, మన్ను పోసి, పైన ఒక నాపబండ దొర్లించి పెట్టినారు. చివర్లో దానియేలు ఆ బండమీద ఎగిరెగిరి దుంకి చూసినాడు. వానికీ భయం పట్టుకున్నట్టుంది.

మేం బండెక్కేటప్పుడు సువార్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇంకో చేత్తో ఎస్తేరును పట్టుకొని ఉంది.

"ఆ ఫోన్లో నేనేం మాట్లాడినానమ్మా?"

"గుంత మూయమని చెప్పినావు పెద్దమ్మా."

"అంతేనా? ఏమన్నా తిట్టినానా? నాకు నోరు శానా చెడ్డది."

"లేదు. మామూలుగానే చెప్పినావు" అన్నాను. నా జన్మలో అంత పెద్ద అబద్ధం ఇంకొకటి చెప్పలేదు.

సోమవారం ఆఫీసుకు పోయి తెరముందు కూర్చున్నాను. ఆ దినం రాలేదు, ఆ నెల రాలేదు, ఇంతవరకూ మళ్ళీ రాలేదు. రఫీ సార్‌ను అనుమానించినాను, క్వాలిటీవాళ్ళను అనుమానించినాను, ఆ ఊర్లో ఎవరో యంత్రంతో తయారుచేసినారేమో అని కూడా ఆలోచించినాను. తయారుచేసినా, పీకని పైపు సంగతి వాళ్ళకెట్లా తెలుస్తుంది? నా బుర్రే నన్ను మోసం చేసిందా అంటే, చూడని ఊర్లో చూడని పాప పేరు నా బుర్రకెట్లా తెలిసింది? తిప్పి తిప్పి ఆలోచించి వదిలేసినాను. మా ఆయన ఇప్పుడు నన్ను సీఐడీ అనడం మానేసినాడు, ఆ వీడియో మాటొస్తే లేచి బయటికి పోతాడు. నన్ను అడిగితే, ఏమో, నాకు తెలీదు. అంతకంటే ఏం చెప్పినా అది కల్పించినట్టే అవుతుంది.

ఉద్యోగం మానలేదు. కానీ ఎర్రగీత పడినా ఇప్పుడు చివరిదాకా వింటున్నాను, మార్కులు పోతున్నాయి, పోనీ. అంతకుముందు మూడేళ్ళు, మొదటి తిట్టు దగ్గరే ఆపి తీసెయ్ నొక్కినవి ఎన్నో నాకు తెలీదు. వాటి చివర్లో ఎవరేం చెప్పుకున్నారో నేను వినలేదు.