వేళ కాని వేళ పెరిగే నీళ్ళు

ఆఫీసులో అందరూ ఆమెను లెక్కలమ్మ అంటారు. ఆనకట్ట లేకపోతే నది ఎలా పారేదో, ఉన్నందువల్ల ఎలా పారుతోందో కంప్యూటర్లో మోడల్ కట్టి తేడా తేల్చడం ఆమె ఉద్యోగం. ఉన్న నదితోనే వేగలేకపోతుంటే లేని నదితో కూడా తంటాలేమిటని అత్తగారి గొణుగుడు.

రెండేళ్ళు కళ్ళరగదీసుకుని కట్టిన మోడల్లో ఒక్కటే కొరుకుడు పడలేదు. గేట్లు పొద్దున తొమ్మిదిలోపు ఎప్పుడెత్తినా రూలు ఒప్పుకుంటుంది కానీ, మామూలుగా ఎత్తేది ఎనిమిది దాటాకే. కొన్ని రోజులు మాత్రం దిగువన నీళ్ళు తెల్లారేసరికే పెరిగిపోతున్నాయి. వాన కలిపి చూసింది, కరెంటు వాడకం కలిపి చూసింది. ఊహూఁ!

"సోమవారం మీటింగుకి కారణం చెప్పండి. లేదంటే మోడల్ అటకెక్కించేద్దాం," అన్నాడు పెద్ద ఇంజినీరు. ఆయనదేం పోయింది, అరిగింది ఈమె కళ్ళు!

ఆదివారం వంటింట్లో ఆ తేదీలు పైకి చదువుకుంటుంటే చేతిలో గరిటె ఆగిపోయింది. ఒకటి సోఫా కొన్న మర్నాడు. ఒకటి ఆడపడుచు వచ్చి వెళ్ళిన మర్నాడు. అన్నీ మొగుడితో పోట్లాడిన మర్నాళ్ళే! ఆ మొగుడే ఆనకట్ట మీద గేట్ల ఆపరేటరు. ఇంట్లో ఆఫీసు మాట ఎత్తకూడదని పెళ్ళినాటి ఒప్పందం కాబట్టి ఇన్నాళ్ళూ అడిగిన పాపాన పోలేదు. ఈసారి నిలదీసింది.

"మరేం చెయ్యమంటావే?" అన్నాడు మొగుడు. "నీతో గొడవైతే ఇంట్లో కాలు నిలవదు. చీకటితోనే డ్యూటీకి పోతా. ఊరికే కూర్చోలేక సైరన్ కొట్టి గేటెత్తేస్తా. నీకు దణ్ణం పెడతా, మీటింగులో మాత్రం చెప్పకు. తలెత్తుకోలేను."

ఆమెకు రాత్రంతా నిద్ర లేదు. మొగుడి పరువా, రెండేళ్ళ చాకిరీయా?

సోమవారం మోడల్ గీత నది గీత మీద అతికినట్టు కూర్చుంది.

"భేష్! ఇంతకీ ఏం కలిపారు?" అన్నాడు పెద్ద ఇంజినీరు.

సిగ్గుతో చచ్చిపోతూనే చెప్పేసింది. "మా ఇంటి పోట్లాటలండీ."

గది గదంతా పగలబడి నవ్వింది. పెద్ద ఇంజినీరు కళ్ళు తుడుచుకుని, "అయితే రేపటి అంచనా చెప్పండి చూద్దాం," అన్నాడు.

"చెప్పొద్దని ఆయన దణ్ణం పెట్టినా చెప్పేశాను కదండీ," అంది లెక్కలమ్మ. "దిగువ పడవలవాళ్ళకి ఇప్పుడే కబురు పెట్టండి. రేపు నీళ్ళు కోడి కూయకముందే వస్తాయి."