వెనకసీటు కోసం డీజిలింజను

బిలాస్‌పూర్ వెయిటింగ్ హాల్లో నా పక్క కుర్చీలో గోనె చుట్టిన డీజిల్ పంపు ఇంజను కూర్చుంది. దాని యజమాని నేలమీద కూర్చున్నాడు. మర్యాద తెలిసిన మనిషి.

"పొలానికా?" అన్నాను.

"కాదు బాబూ, నా బుల్లెట్‌కి. పెట్రోలింజను తీసేసి ఇది బిగిస్తాను."

"మైలేజీ కోసమా?"

"నే పనిచేసే షెడ్డులో అందరికీ అలాగే చెప్పేను." గొంతు తగ్గించాడు. "ఓపాలి జోరుగా తోలి మా ఇంటిదాన్ని పడేసేను. అప్పట్నుంచి బండెక్కదు. నెమ్మదిగా తోల్తానంటే నమ్మదు. దీంతో అయితే నేను జోరుగా పోదామన్నా బండి పోదు కదా."

"అచ్ఛా. మరి ఎక్కుతానందా?"

"ఏటో బాబూ. ముందు బిగించనీండి."

అతని రైలొచ్చింది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఇంజన్ని ఎక్కించాం.

ఇప్పటికీ ఎక్కడైనా డీజిల్ బుల్లెట్ చప్పుడు వినిపిస్తే, నేను ముందు వెనకసీటే చూస్తాను.