అవతలి పార్టీ కుర్చీ

మా పేట మొత్తానికి అవతలి పార్టీవాడు ఒకే ఒక్కడు, రాస్కో పర్నెల్. తూర్పు బాల్టిమోర్‌లో మా నాలుగు వీధులూ గాలించినా ఇంకో రిపబ్లికన్ దొరికేవాడు కాదు. పాపం, అతను క్షవరానికి వెళ్తే చాలు, షాపులో అందరికీ పండగే.

"ఏం రాస్కో, మీ పార్టీ మహాసభ ఈసారి కూడా మీ వంటింట్లోనేనా?"

"అవును. కుర్చీ ఒకటే ఉంది. సరిపోయింది" అనేవాడు రాస్కో, అద్దంలోకి చూస్తూ.

వాళ్లకేం తెలుసు, నవ్వుకునేవాళ్లు. రాస్కోకి ఆ పార్టీ మీద ఆవగింజంత ప్రేమ కూడా లేదు. ఈ సంగతి నాకు తెలుసు. ఎన్నికల బల్ల దగ్గర అతని పక్క కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చున్నదాన్ని నేనే.

రాస్కో వయసులో ఉన్నప్పుడు ఊరి నడిబొడ్డున పెద్ద బట్టల దుకాణంలో లిఫ్టు నడిపేవాడు. పొద్దస్తమానం మనుషుల మధ్యే నిలబడాలి, "మూడో అంతస్తు, ఆడవాళ్ల టోపీలు" అనడం తప్ప ఇంకో మాట మాట్లాడే పనిలేదు. మాటలన్నీ దాచుకుని ఇంటికొచ్చి భార్య ఒఫీలియాతో చెప్పుకునేవాడు. వాళ్లకి పిల్లల్లేరు. ఒఫీలియా పోయాక మాట వినే దిక్కు లేకుండా పోయింది. పొద్దున్నే గుమ్మం ముందు పాలరాతి మెట్లు కడుక్కుని, ఆ పని కాగానే తలుపేసుకునేవాడు.

మనిషిని పిలవలేదా అంటారేమో, పిలిచాను. థాంక్స్‌గివింగ్ రోజున మా ఇంట్లో తిరునాళ్లే. నా పిల్లలు, వాళ్ల పిల్లలు, అల్లుళ్లు. ఆ సందట్లో రాస్కో టోపీ ఒళ్లో పెట్టుకుని సోఫా అంచున కూర్చున్నాడు. టర్కీ కోడి తిన్నాడు, ఎవరేమడిగినా "బాగుందండీ" అన్నాడు, చివర్లో తీపికని చేసిన చిలగడదుంప ‘పై’ కోయకముందే లేచి వెళ్లిపోయాడు. పనేదీ లేకుండా ఒకరి గుమ్మం ఎక్కడం చేతకాని మనిషి. అలాంటివాణ్ని ఏం చేస్తాం!

ఎన్నికల పనిలో ఒక పద్ధతి ఉంది. ఓటర్ల బల్ల దగ్గర రెండు పార్టీలవాళ్లూ కూర్చోవాలి. నేను ఆ గదికి పెద్దనే, కానీ పక్కన అవతలి పార్టీ మనిషి సంతకం లేకుండా యంత్రం తాళం తీయడానికి కూడా నాకు హక్కు లేదు. మా పార్టీవాళ్లు ఆ కుర్చీల కోసం ఎగబడతారు. అవతలివాళ్లు దొరక్క ఎన్నికల ఆఫీసు తల పట్టుకుంటుంది. ఈ మాట చర్చిలో ఎవరో అంటుండగా రాస్కో విన్నాడు. వారం తిరక్కుండా ఆ ఆఫీసుకి వెళ్లి, ఓటర్ల జాబితాలో తన పేరు పక్కన రాసి ఉండే పార్టీ మార్చేసుకున్నాడు.

"ఒక్క రోజు కూలీ కోసం పార్టీ మార్చావా మహానుభావా?" అని దులిపేశాను.

"కూలీకి కాదు, మిస్ ఆర్డెల్లా" అన్నాడు. "తెల్లారకముందు నుంచి రాత్రిదాకా అందరూ అక్కడే ఉంటారు కదా."

ఎన్నికల రోజున రాస్కోని చూడాలి! నల్ల సూటు, ఒఫీలియా కొన్న ఎర్ర టై. ఓట్లు వేసే బడి వ్యాయామశాల తలుపు తెరవగానే పేటంతా అతని ముందుకొచ్చి పేరు చెప్పుకోవాల్సిందే. క్షవరం షాపులో ఏడిపించేవాళ్లు కూడా వినయంగా నిలబడేవాళ్లు. "మీ అమ్మ మోకాలు ఎలా ఉంది?" "ఈ బుడ్డోడు ఎవరు, నీ కొడుకేనా?" అని ఒక్కొక్కర్నీ అడిగేవాడు. ఏడాదంతా దాచుకున్న మాటలు ఆ పూటకి ఖర్చుపెట్టేవాడు. మధ్యాహ్నం ఇద్దరికీ హామ్ సాండ్‌విచ్‌లు తీసేవాడు. ఆవపిండి ఎక్కువ పడి నాకు ముక్కు మండేది, అయినా తినేదాన్ని.

ఆ కుర్చీ కోసం అతను వదులుకున్నది ఒకటుంది. మా ఊళ్లో మేయర్ని నవంబరులో ఎన్నుకోరు. మే నెలలో మా పార్టీవాళ్లు మాలో మేం తన్నుకుని ఒకర్ని తేలుస్తామే, అప్పుడే ఆ పని అయిపోతుంది. ఊళ్లో మా పార్టీవాళ్లే ఎక్కువ కాబట్టి నవంబరుది ఉత్త తంతు. మే నెల ఓటు మా పార్టీవాళ్లకే. రాస్కో పక్కన కూర్చుని అందరికీ కాగితాలు అందించేవాడే గానీ, తనకి మాత్రం ఆ ఓటు లేదు.

"ఎవరొస్తే ఏం లెండి, మన వీధి గుంత పూడ్చరు" అనేవాడు. నేనూ సరేలే అనుకున్నాను.

ఇంతలో రెనిటా డోర్సీ మేయరుకి నిలబడింది. రెనిటా అంటే రాస్కో పక్కింటి పిల్ల. వాళ్లమ్మది ఆసుపత్రిలో సాయంత్రం డ్యూటీ. బడి వదలగానే రెనిటా రాస్కో మెట్ల మీద కూర్చుని లెక్కలు చేసుకునేది, ఒఫీలియా చేతి అన్నం తినేది. ఆ పిల్ల ఇప్పుడు లాయరై, ఊరంతటికీ మేయరు అవుతానంటోంది!

ఒక ఆదివారం పసుపు చొక్కాల పిల్లలు రెనిటా తరఫున ఇంటింటి తలుపూ తట్టారు. రాస్కో ఉతికిన చొక్కా వేసుకుని, కాఫీ కాచి ముందు గదిలో కూర్చున్నాడు. వాళ్లు అటు పక్కింటికీ, ఇటు పక్కింటికీ వెళ్లారు గానీ రాస్కో తలుపు తట్టలేదు. మరుసటి ఆదివారమూ అంతే. మూడోసారి అతనే తలుపు తీసి పిలిచాడు.

పసుపు చొక్కా పిల్ల ఫోనులో చూసుకుంది. "జాబితాలో మీ ఇల్లు మాకివ్వలేదండీ. మీరు మాకు ఓటెయ్యడం కుదరదు కదా" అని మర్యాదగానే చెప్పి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం రాస్కో మా మెట్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. పనేదీ లేకుండా రావడం అదే మొదలు.

"రెనిటాకి నా ఓటు పడదంటున్నారు."

"పడదు మరి! ఆ రోజు ఎగేసుకుంటూ వెళ్లి పార్టీ మార్చుకున్నప్పుడు తెలీదా?"

"అప్పుడు రెనిటా నిలబడలేదు కదండీ."

"ఇప్పటికైనా మారొచ్చు. గడువు ఈ వారంతో సరి. కానీ మారితే నీ కుర్చీ పోతుంది, రాస్కో. మావైపు చోటు కోసం కాచుకున్నవాళ్లు బోలెడు. నేను చస్తే గానీ ఒకటి ఖాళీ కాదు."

అతను తల వంచుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. "ఆ పిల్ల ఎలాగూ గెలుస్తుందయ్యా! నీ ఒక్క ఓటు లేకపోతే కొంప మునుగుతుందా?"

"ఒఫీలియా ఉంటే వేసేది" అన్నాడు. "మా ఇంట్లోంచి ఒక్క ఓటు కూడా పడకపోతే ఎలాగండీ?"

మర్నాడే వెళ్లి మార్చుకున్నాడు.

మే నెల ఎన్నికల పొద్దున తలుపు తెరిచేసరికి వరసలో మొదటివాడు రాస్కోనే. అదే నల్ల సూటు, అదే టై. అతని కుర్చీలో ఊరి అవతలి కొసనుంచి తెచ్చిన కుర్రవాడొకడు ఆవులిస్తూ కూర్చున్నాడు. పద్ధతి పద్ధతే కాబట్టి "మీ పేరు?" అని అడిగాను. రాస్కో చెప్పాడు. కాగితం తీసుకుని పేరు పక్కనుండే గుండ్రం సిరాతో నింపాడు, యంత్రంలో పెట్టాడు, పని ఇట్టే అయిపోయింది.

అయినా కదల్లేదు. గోడ పక్కన నిలబడ్డాడు. వరస కోసం కట్టిన తాడు వంకరపోతే సరిచేశాడు. వచ్చిన ముసలమ్మకి ఏ బల్ల దగ్గరికి వెళ్లాలో చూపించాడు, మోకాలి సంగతి అడిగాడు.

"ఓటేసినవాళ్లు లోపల ఉండకూడదు కదా మేడమ్" అన్నాడు కుర్రవాడు, అందరికీ వినిపించేలా.

గదికి పెద్దని నేను. చెప్పాల్సింది నేనే. లేచి వెళ్లి, "రాస్కో, ఇంక బయల్దేరాలి నువ్వు" అన్నాను. నా గొంతు నాకే అసహ్యమేసింది.

"తెలుసండీ" అన్నాడు. కోటు జేబులోంచి పొట్లం తీశాడు. "ఇద్దరికని కట్టాను. ఆ అబ్బాయికి పెట్టండి."

రెనిటా గెలిచింది. ఎంత తేడాతో గెలిచిందంటే, మా వీధి వీధంతా దుప్పటి ముసుగేసి పడుకున్నా గెలిచేది. ఆ ఆదివారం మా వీధికొచ్చి అందర్నీ కావలించుకుంది. అందరికన్నా ముందు రాస్కో దగ్గరికే వచ్చింది.

"మిస్టర్ రాస్కో! మీ ఓటు నాకు పడదని తెలుసులెండి" అని భుజం తట్టి నవ్వింది. "అయినా నాకు మీ మీద కోపం లేదు. మీ పార్టీ మీది."

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. రాస్కో కూడా నవ్వాడు. "బాగా చేశావమ్మా. ఒఫీలియా చూసుంటే పొంగిపోయేది" అన్నాడు, అంతే.

ఆమె కారు మలుపు తిరిగేదాకా పళ్లు బిగబట్టుకున్నాను. "బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేం? నీకే వేశానని చెప్పొచ్చుగా!"

"చెప్తే కుర్చీ సంగతీ చెప్పాలి కదండీ. బాధపడుతుంది."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. రాస్కో చొక్కా గుండీ సవరించుకుంటూ నిలబడ్డాడు. మాట్లాడ్డానికి ఇంకేం దొరుకుతుందా అని వెతుక్కుంటున్నట్టున్నాడు.

"మిస్ ఆర్డెల్లా, నవంబర్లో ఎన్నింటికి తలుపులు తీస్తారండీ?" అని అడిగాడు.

ఆ సంగతి నాకన్నా అతనికే బాగా తెలుసు. ఏడింటికని చెప్పాను.