మూడుసార్లు లేదన్నాను

ఎమ్మిగనూరు బస్టాండు వెనక సందులో నాకొక డీటీపీ షాపు ఉంది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఇవీ నా పనులు. పెళ్లికి ముందు బెంగళూరులో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. ఇంటర్నెట్లో బట్టలమ్మే కంపెనీ అది. ఎవరైనా ఒక మాట కొట్టి వెతికితే ఏ బట్టలు చూపించాలి, వాటిలో ఏది పైన రావాలి, ఏది కిందికి పోవాలి అన్నది మా గుంపు పని. పెళ్లయి ఇక్కడికి వచ్చాక ఆ విద్య ఇక దేనికీ పనికిరాదనుకున్నాను.

ఒకరోజు మంత్రాలయం నుంచి ఒక రిటైరైన తెలుగు మాస్టారు అట్టపెట్టె ఒకటి చంకలో పెట్టుకుని షాపుకి వచ్చారు. వాళ్లది గుడి సేవలో ఉన్న కుటుంబం. పెట్టె నిండా పేపర్ల నుంచి కత్తిరించిన చిన్న చిన్న ముక్కలు. అన్నీ ఒకే రకం వార్తలు: గుర్తు తెలియని మృతదేహం, ఫలానా చోట, సుమారు ఇంత వయసు, ఒంటిమీద ఈ రంగు బట్టలు.

ఎందుకు దాస్తున్నారని అడిగితే చెప్పారు. ఎప్పుడో ఒక యాత్రికుడు తుంగభద్రలో మునిగిపోయాడట. ఎవరూ రాకపోతే శవాన్ని పూడ్చేశారు. ఎనిమిది నెలల తర్వాత అతని భార్య ఫోటో పట్టుకుని లాడ్జీలన్నీ తిరుగుతూ మాస్టారి గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. శవం దొరికిందన్న వార్త ఆయన అప్పట్లోనే చదివారు. చదివి పేపరు పక్కన పడేశారు. ఏ పేపరో, ఏ తేదీయో చెప్పలేకపోయారు. అప్పటి నుంచి నాలుగు పేపర్లు తెప్పించి ఇలాంటి ముక్క కనిపిస్తే చాలు కత్తిరించి దాస్తున్నారు.

"పెట్టెలో ఉంటే ఇవి నాకొక్కడికే పనికొస్తాయమ్మా. ఎవరైనా వచ్చి అడిగితే చటుక్కున చూపించేట్టు నీ కంప్యూటర్లో పెట్టగలవా?" అన్నారు.

ఆ వానాకాలమంతా ఖాళీ దొరికినప్పుడల్లా ముక్కలు టైపు చేశాను. ఒక పేజీ తయారు చేశాను. గుర్తులు రాయడానికి ఒక డబ్బా, వయసుకొక డబ్బా, కింద వెతుకు అని ఒక బటన్. విషయం కండక్టర్ల నోట, పాస్టర్ల నోట, ఒకరిద్దరు కానిస్టేబుళ్ల నోట ఊళ్లకు పాకింది. తప్పిపోయిన తమవాళ్ల కోసం మనుషులు రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు చెప్పిన గుర్తులన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని.

మొదట్లో ఒక్క మాట కలిసినా చూపించేట్టు పెట్టాను. మద్దికెర నుంచి ఒక పెద్దాయన మతి స్థిమితం లేని కొడుకు కోసం వచ్చాడు. పేజీ చాలా వార్తలు చూపించింది. పైన వచ్చిన మనిషి ఎత్తు, గడ్డం, మెడలో తాయెత్తు అన్నీ సరిపోయినట్టే ఉన్నాయి. ఆయన ఆ శవాన్ని ఉంచిన ఊరికి పరుగెత్తాడు. రెండురోజుల తర్వాత తిరిగొచ్చి నా షాపు మెట్ల మీద కూలబడ్డాడు.

"మావోడు సచ్చినాడని ఇంట్లో సెప్పి పోతి మ్మా. అందురూ ఏడ్సినారు. ఆడ గుడ్డ తీసి సూస్తే వాడు కాదు. బతికినోడిని నేనే సంపుకుంటి" అన్నాడు.

ఆ రోజు మాస్టారు అన్నం ముట్టలేదు. "తప్పు మనిషిని చూపించడం కంటే చూపించకపోవడం మేలు" అన్నారు. నాకూ అదే నిజమనిపించింది. చెప్పిన మాటలన్నీ కలిస్తేనే చూపించేట్టు, వయసు రెండేళ్లకు మించి తేడా ఉంటే పక్కన పెట్టేట్టు బిగించాను. పేజీ శుభ్రంగా తయారైందని లోలోపల గర్వపడ్డాను కూడా.

అలా బిగించిన తర్వాత వచ్చింది ఆమె.

గోనెగండ్ల దగ్గర పల్లె. కూలి పని. మెడలో నల్లపూసలు, చేతిలో చిన్న శిలువ బొమ్మ ఉన్న సంచి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ గుంటూరు వైపు మిరపకోతలకు పోయి రైల్లో తిరిగి వస్తున్నారట. దారిలో ఒక జంక్షన్లో బండి ఆగింది.

"నీళ్లు పట్టుకొస్తానని సీసా తీసుకోని దిగినాడు. కొళాయి కాడ శానా మంది ఉండ్రి. బండి కదిలిపాయ. నేను అరిసినా, గొలుసు నాకు అందల్యా. సెల్లు నా కాడనే ఉండాది. నంబరు ఆయనకు నోటికి రాదు. సదువు రాదు" అంది.

ఆయన దిగిపోయి పదిహేడు రోజులైంది. ఒక పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు రాసుకున్నారట. ఏం గుర్తులని అడిగాను.

"బులుగు సొక్కా. ముప్పై ఆరేండ్లు" అంది.

బులుగు చొక్కా, ముప్పై ఆరు అని కొట్టాను. ఫలితాలు లేవు అని వచ్చింది.

"లేదమ్మా" అన్నాను. ఆమె చేతులు జోడించి పైకి చూసి "దేవునికి స్తోత్రం" అంది. లేదంటే బతికున్నాడని కదా. నేను కూడా నవ్వాను.

రెండోసారి క్రిస్మస్ అయ్యాక వచ్చింది. ఈసారి ఇంకా గుర్తు చేసుకుని వచ్చింది. ఎడమ చేతి చిటికెన వేలు ఆదోనిలో దూది ఫ్యాక్టరీ మిషన్లో పడి తెగిందట. అది కూడా కలిపి కొట్టాను. లేదు. మూడోసారి మరుసటి ఎండాకాలం వచ్చింది. ముందు పన్ను ఒకటి వంకర, నడుముకు ఎర్ర మొలతాడు, చొక్కా జేబు తను కుట్టింది కాబట్టి దారం వేరే రంగు. అన్నీ కొట్టాను. లేదు.

ఆమె ఎంత ఎక్కువ గుర్తు చేసుకుంటే నా పేజీకి దొరికే అవకాశం అంత తగ్గుతూ పోయింది. అది నాకు అప్పుడు తట్టలేదు. కట్టింది నేనే, అయినా తట్టలేదు.

ఆ తర్వాత ఏడాదికి ఒక చేనేత ఆయన కరపత్రం వేయించడానికి వచ్చాడు. రాసుకొచ్చిన కాగితం చేతికిచ్చి, నోటితో చెబుతూ ఉన్నాడు. "బులుగంచు సీరలు కొత్తగా వచ్చినాయని పెద్దచ్చరాలతో ఎయ్యి మ్మా" అంటున్నాడు. కాగితంలో నీలం అంచు అని ఉంది. ఇదేందన్నా, నీలం అని రాసినావే అన్నాను.

"రాసేటప్పుడు నీలమే గదా మ్మా రాస్తాం" అన్నాడు.

నా వేళ్లు ఆగిపోయాయి. పేపరువాళ్లు ఎవరూ బులుగు అని రాయరు. నా పేజీలో ఉన్నదంతా పేపరువాళ్లు రాసిన తెలుగు. నా ముందుకొచ్చి అడిగేవాళ్లది నోటి తెలుగు. బెంగళూరులో చొక్కాలమ్మేటప్పుడు ఈ పని రోజూ చేసేవాళ్లం. ఒక రంగుకి ఎన్ని పేర్లుంటే అన్నీ జాబితా రాసి కలిపేవాళ్లం. కొనడానికి వచ్చినవాళ్లకు ఖాళీ పేజీ చూపించడం మా దగ్గర పెద్ద తప్పు. ఇక్కడ మాత్రం, మనుషుల్ని వెతుకుతూ వచ్చినవాళ్లకు, నేను ఖాళీ పేజీ చూపించి పంపేశాను.

రెండు రోజులు షాపు మూసి కూర్చున్నాను. నీలానికి బులుగు, పంచెకు ధోవతి, తెగిన వేలికి సగం వేలు, ఇలా మాస్టారు ఫోన్లో చెబుతుంటే జాబితా రాశాను. అన్ని మాటలూ కలవాలన్న షరతు తీసేశాను. ఎన్ని కలిస్తే అంత పైకి వచ్చేట్టు, చొక్కా రంగు కంటే ఒంటిమీది గుర్తుకు ఎక్కువ విలువ ఉండేట్టు మార్చాను. వయసు ఎంత తేడా ఉన్నా పక్కన పెట్టొద్దన్నాను, కాస్త కిందికి దించితే చాలు. పైన పెద్ద అక్షరాలతో, ఇవి దగ్గరగా ఉన్నవి మాత్రమే, మీవాళ్లే అని అనుకోవద్దు అని రాయించారు మాస్టారు. ఏ గుర్తు కలిసింది, ఏది కలవలేదు అన్నది ప్రతి వార్త పక్కనా కనిపించేట్టు పెట్టాను.

తర్వాత నోటుపుస్తకం తీసి పాత గుర్తులన్నీ ఒక్కొక్కటే మళ్లీ కొట్టాను.

ఆమె మొగుడు మొదటి వరసలోనే వచ్చాడు.

నీలం రంగు చొక్కా. ఎడమ చేతి చిటికెన వేలు సగమే ఉంది. ఎర్ర మొలతాడు. సుమారు యాభై ఏళ్లు. ఆ జంక్షన్ దాటి కర్నూలు వైపు పోయే రోడ్డు పక్కన పడి ఉన్నాడు. వడదెబ్బ కావచ్చని రాశారు. రైలు దిగిన ఐదో రోజు. ఆయన నడిచి ఇంటికి వస్తున్నాడు.

ఆ ముక్క నేనే టైపు చేశాను. ఆమె మొదటిసారి షాపుకి వచ్చేనాటికి అది కంప్యూటర్లోకి ఎక్కి వారమైంది.

మరునాడు మాస్టారు మంత్రాలయం నుంచి వచ్చారు. ఇద్దరం గోనెగండ్ల బస్సెక్కాం. ఆమె ఒక కల్లంలో కూర్చుని ఉల్లిగడ్డలకు కాడలు కోస్తూ ఉంది. నన్ను చూడగానే కత్తి కింద పెట్టింది. మాస్టారు ఆమెకు ఎదురుగా నేల మీదే కూర్చుని, తొందరపడకుండా వార్త చదివి వినిపించారు.

"యాభై ఏండ్లంటనా? మా యింటాయనకు ముప్పై ఆరే సామీ" అంది.

"ఎండలో పనిచేసినవాళ్లు అట్లా కనిపిస్తారమ్మా. పేపరువాళ్లు అందాజుగా రాస్తారు."

"నీలం అన్నావు. ఆయనది బులుగు గదా."

మాస్టారు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఆ ప్రశ్నకు ఆయన కాగితం మడిచి నా చేతికిచ్చారు. "రెండూ ఒకటే" అని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె ఒళ్లో ఉన్న ఉల్లిపొట్టు దులుపుకుంది. తర్వాత లేచి కుండలో నీళ్లతో చేతులు కడుక్కుని "యాడికి పోవాల?" అంది.

ముగ్గురం శవం దొరికిన ఊరికి పోయాం. పోలీస్ స్టేషన్లో ఫైలు దొరకడానికి సగం రోజు పట్టింది. ఫోటో నేను చూడలేదు. ఆమె చూసింది. చూసి ఫోటో మీద ఆ వేలు ఉన్నచోట తన వేలు పెట్టింది. చొక్కా ఫోటో కూడా ఉంది. "జేబు నేనే కుట్టినా. తెల్ల దారం లేకుంటే పసుపు దారంతో కుట్టినా" అని ఎస్సైకి చెప్పింది, ఆయన అడగకపోయినా.

శ్మశానంలో కాపలాదారు మమ్మల్ని ఒక మూలకి తీసుకుపోయాడు. అక్కడ గుట్టలే గానీ రాళ్లు లేవు. "ఈ వరసలోనే యాడో. ఇదని సెప్పల్యాను తల్లీ" అన్నాడు. ఆమె ఆ వరసంతా, ఈ చివర నుంచి ఆ చివరకు, రెండుసార్లు నడిచింది. తర్వాత మధ్యలో ఒకచోట కూర్చుని సన్నగా, గొంతు లోపలే, చర్చి పాట ఒకటి పాడింది. మాస్టారు చెప్పులు విడిచి, ఆమె పాట అయిపోయేదాకా నిలబడ్డారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె నా పక్కన కూర్చుంది. కిటికీలోంచి చూస్తూ, ఇటు తిరక్కుండానే అడిగింది.

"నేను మొదటిసారి నీ కాడికి వచ్చినప్పుడు గుడా ఈ కాగితం నీ కాడ ఉండెనా?"

అబద్ధం చెప్పాలనే అనుకున్నాను. నోట్లోదాకా వచ్చింది కూడా.

"ఉండింది" అన్నాను.

"మరి ల్యాదంటివే."

నువ్వు బులుగన్నావు, నేను బులుగనే కొట్టాను, మాటలన్నీ కలిస్తేనే చూపించేట్టు అప్పుడు పెట్టాను అని మొదలుపెట్టాను. సగంలోనే నా మాటలు నాకే వినబుద్ధి కాలేదు. ఆపేశాను.

"మూడు తూర్లు ల్యాదంటివి. నువ్వు ల్యాదన్నందుకే నేను వారానికొకపారి ఆదోని టేసన్‌కు పోయి నిలబడితి. బండి దిగేటోళ్ల మొగాలు సూసుకుంటా రెండేండ్లు నిలబడితి మ్మా" అంది.

తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. ఎమ్మిగనూరులో దిగాక మాస్టారికి దండం పెట్టింది. నా వైపు చూడకుండా గోనెగండ్ల బస్సెక్కింది.

ఆ తర్వాత ఆమెను ఒక్కసారే చూశాను, సంతలో. మెడలో నల్లపూసలు లేవు. పలకరిద్దామని రెండడుగులు వేశాను. ఆమె నన్ను చూసింది, చూసి పక్క వరసలోకి వెళ్లిపోయింది.

మాస్టారు పోయిన ఏడాది కాలం చేశారు. చివరిదాకా పేపర్లు కత్తిరిస్తూనే ఉన్నారు. ఇప్పుడు నేను కత్తిరిస్తున్నాను. నెలకొకసారి నోటుపుస్తకంలోని పాత గుర్తులన్నీ మళ్లీ కొట్టి చూస్తాను. కొందరు దొరికారు. దొరికిన ప్రతిసారీ, ఆ మనిషి ఎప్పటి నుంచి నా దగ్గర ఉన్నాడో తేదీ చూసుకుంటాను. చూడకుండా ఉండలేను.

మొన్న ఒక ముసలామె వచ్చింది. చెల్లెలు తప్పిపోయిందట, ముగ్గురు పిల్లల తల్లి. కుర్చీ చూపిస్తే కూర్చుంది. ఎవరు పంపారమ్మా అని అడిగాను.

"మా పక్కూర్లో ఒకామె. పేరు సెప్పొద్దన్నాది" అంది. తర్వాత గుర్తు తెచ్చుకుంటూ, అప్పజెప్పినట్టు చెప్పింది. "ఒక మాట రాకుంటే ఇంగొక మాట కొట్టమను. రంగు పేర్లు అన్నీ కొట్టమను. ఆయమ్మ ల్యాదంటే లేసి రావద్దు, ఇంగొకసారి సూడమను అని సెప్పినాది."

నా కుర్చీ ఆమె పక్కకు జరుపుకుని స్క్రీన్ ఆమెకు కనిపించేట్టు తిప్పాను. చెల్లెలు కట్టుకున్న చీర దగ్గర మొదలుపెట్టి, ఆమె ఒక్కొక్కటే చెప్పింది, నేను ఒక్కొక్కటే కొట్టాను. పేజీ తర్వాత పేజీ, దగ్గరగా ఉన్నవన్నీ చదివి వినిపించాను. ఒక్కోదానికి "ఇది గాదు" అని తల అడ్డంగా ఊపింది. మధ్యాహ్నం దాటింది. దొరకలేదు. కానీ ఆమె లేవలేదు. నేనూ లెమ్మనలేదు.