కళ్లంటే కాళ్లనుకున్నారు

ఈ సంగతి జరిగినప్పుడే రాసి పెట్టుకోవాల్సింది. కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు పత్తి చేలోకి వెళ్లాను గానీ బడికి వెళ్లలేదు. యాభై ఆరేళ్లు దాటాక, పోయిన ఏడు, మా కోడలు నాకు పలక పట్టించింది. ఒకరోజు ‘కాళ్లు’ రాయమంటే దీర్ఘం మర్చిపోయి ‘కళ్లు’ అని రాశాను. కోడలు నవ్వింది. ఆ తప్పు నా ఒక్కదానిదే కాదని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

మాది వినుకొండ దగ్గర ఊరు. మిరప కళ్లంలో తెల్లబారిన తాలుకాయలు ఏరే పనికి వెళ్తాను. హైస్కూలు డ్రిల్లు టీచరు గారితో కలిసి పొద్దున్నే పరిగెత్తడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్లు. నలభై రెండు కిలోమీటర్ల మారథాన్ పరిగెత్తాలని ఇద్దరికీ ఆశ. దానికి ముందు గుంటూరులో సగం దూరం పందెం. అంతలో వానాకాలంలో నా కుడి మోకాలు వాచింది. అప్పుడు మా ఆయన నా దగ్గర మాట తీసుకున్నాడు.

"ఈ పందెంలో కాళ్లు మొరాయిస్తే ఇక పరుగు మానెయ్యాలి. నువ్వు మంచాన పడితే నేను చెయ్యలేనే."

ఒప్పుకున్నాను. లోపల నాకూ అదే భయం.

పందెంలో పదిహేనో కిలోమీటరు దాకా మోకాలు కిమ్మనలేదు. చెమట కారుతుంటే నడుముకు చెక్కుకున్న తువ్వాలు తీసి మొహం గట్టిగా తుడుచుకున్నాను. అంతే, కళ్లలో నిప్పులు పోసినట్టయింది. అది కళ్లంలో ముక్కుకి కట్టుకునే తువ్వాలు. కొత్తది పాడవుతుందని పెట్టెలో దాచి, దీన్నే రెండుసార్లు ఉతికి తెచ్చాను. రెండు ఉతుకులకు పోయే ఘాటా అది!

మొహం చేతుల్లో పెట్టుకుని రోడ్డు పక్కన కూలబడ్డాను. "కళ్లు! మండిపోతున్నాయ్!" అని అరిచాను. మంచినీళ్లిచ్చే ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు పరిగెత్తుకొచ్చారు.

"ఆంటీకి కాళ్లు మండుతున్నాయంట. స్ప్రే తేవే!"

మోకాళ్ల మీద చల్లగా ఏదో కొట్టారు. ఒకమ్మాయి పిక్కలు పిసకడం మొదలుపెట్టింది.

"కాళ్లు కాదమ్మా, కళ్లు!"

"అదే ఆంటీ, కాళ్లకే కొడుతున్నాం. కంగారు పడకండి."

పక్కనున్న టీకొట్టావిడ వచ్చి తువ్వాలు వాసన చూసింది. "ఓసినీ, మిరపకాయల గుడ్డే ఇది! కాళ్లు వదిలి మొహాన నీళ్లు కొట్టండే!"

ఆవిడే చెంబుతో పోసింది, చాలాసేపు. కళ్లు తెరుచుకునేసరికి నా వెనక వాళ్లంతా ముందుకెళ్లిపోయారు.

మిగతా దూరం పరిగెత్తే చేరాను. అప్పటికే గడియారం తీసేశారు. పతకాల బల్ల దగ్గర ఎవరూ లేరు. రెండేళ్ల కష్టం ఒక తువ్వాలు మీద పిసినారితనానికి పోగొట్టుకున్నానే అని ఏడుపొచ్చింది. నన్ను చూసి టీచరు గారు కంగారుగా వచ్చారు.

"మోకాలా పిన్నీ?"

"కాదండీ. మిరపకాయ."

సంగతంతా విని ఆవిడ నవ్వాపుకోలేక నేల మీద కూర్చున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

బస్సులో వచ్చింది. కమ్మీ పట్టుకోకుండానే మెట్లెక్కేశానని సీట్లో కూర్చున్నాక గుర్తొచ్చింది. మోకాలు తడిమి చూసుకున్నాను. వాపు లేదు, నొప్పి లేదు. ఇన్నాళ్లూ భయపడిన చోట ఏమీ కాలేదు. ఒళ్లంతా తేలికైపోయింది. నరసరావుపేట దాటేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

ఇంట్లో మా ఆయన ఎర్రబడ్డ నా కళ్లు చూశాడు. "ఏడ్చావా? కాళ్లు పోయాయా?"

గొంతుకూర్చుని, చెయ్యి ఆనించకుండా లేచి చూపించాను. మళ్లీ కూర్చుని మళ్లీ లేచాను.

"చాల్లేవే, చూశాలే," అని కంచం తెచ్చి అన్నం పెట్టాడు. మానెయ్యమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే, పనికి వెళ్లే ముందు, మా ముఠా మేస్త్రమ్మ ఇంటికి వెళ్లి ఇక మీదట ఆదివారాలు రానని చెప్పాను.

"ఎక్కడికే పోయేది?" అంది.

"ఎక్కడికీ లేదొదినా. పరిగెత్తుకుంటా పోయి మళ్లీ మనూరికే వస్తా."