బంతి చేయి వీడేదాకా

నవంబరు తొమ్మిది, శనివారం, మధ్యాహ్నం మూడుంబావు. నాటింగ్‌హామ్‌లో మా పేట మైదానం అంచున నా తమ్ముడు డాక్టర్ సుధాకర్ కుప్పకూలి, అక్కడే కన్నుమూశాడు. ఆ అశనిపాతం నుంచి నేనింకా తేరుకోలేదు. దుఃఖం కన్నా ముందు భయం పట్టుకుంది. ఈ ఇంగ్లండు దేశంలో నాకు అండగా, అడ్డుగోడలా నిలబడేవాడు పోయాడు.

వృత్తిరీత్యా మత్తు డాక్టరు. సెలవు దినాల్లో హైస్కూలు పిల్లలకు అమెరికా ఫుట్‌బాల్ నేర్పేవాడు. అందులోనూ బంతి ముట్టని ఐదుగురికి. వెనకున్నవాడు బంతి విసిరేలోగా, వాడి మీదికి దూకేవాళ్లను ఈ ఐదుగురూ అడ్డుకోవాలి. బంతి వాడి చేయి వీడేదాకా ముందుకు ఉరకకూడదు. ఎవరి చొక్కా పట్టకూడదు. "గుప్పిట మూస్తే దొంగలు, అరచెయ్యి చాపితే కాపలాదార్లు," అనేవాడు.

"ఇదేం ఆటరా, దున్నపోతుల కుమ్ములాట!" అని తిట్టేదాన్ని.

"కుమ్మేది అవతలివాళ్లక్కా. మావాళ్లు గోడ."

ఆ గోడలో వాడి కొడుకు రోహిత్ ఒకడు. నేను ప్రతి ఆటకూ వెళ్లి కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని.

అరవై దాటాక నాకు ఇంగ్లీషు అక్షరాలు దిద్దించిన గురువూ వాడే. ఓసారి సర్జరీలో, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్కులో, రిసెప్షన్ అమ్మాయి గబగబా ఏదో అడిగితే వాడి వెనక్కి జరిగాను. "నువ్వు చెప్పరా" అన్నాను. "నీ నోట్లోంచి మాట బయటికొచ్చేదాకా ఇక్కడే ఉంటానక్కా," అన్నాడు. క్యూలో ఎవరో విసుక్కుంటే వాళ్లకు అడ్డంగా జరిగి నిలబడ్డాడు. నా పేరు, పుట్టినరోజు నేనే చెప్పాను.

ఆ శనివారం వాడు పడిన చప్పుడుకు కళ్లు తెరిచాను. బంతి ఇంకా, దాన్ని విసరాల్సిన బెన్ చేతిలోనే ఉంది. నా మరదలు శారద పరుగెత్తింది. "ఒరేయ్ రోహిత్, మీ నాన్నరా!" అని అరిచాను. తల తిప్పి చూశాడు. కదల్లేదు. ఐదుగురూ అరచేతులు చాపి అలాగే నిలబడ్డారు. బంతి గాల్లోకి లేచాకే పరుగెత్తుకొచ్చారు. లిప్తపాటే, నాకది యుగం.

"రాయివిరా నువ్వు" అన్నాను ఇంటికొచ్చాక.

"బాల్ ఇంకా పోలేదు అత్తా. బెన్ వుడ్ గెట్ హర్ట్," అని వెక్కివెక్కి ఏడ్చాడు.

వచ్చే శనివారం మళ్లీ ఆటకు వెళతానంటున్నాడు. వద్దనను. ఈసారి కళ్లు తెరిచే చూడాలి. తమ్ముడూ, ఆ అంచున నీ చోటు పూడేది కాదు. నమస్కరించడం తప్ప నాకేం చేతనవును?

ఆ రోజు అక్కడున్నవాళ్లు: శారద, విజిల్ ఊదిన రెఫరీ హారిస్, పేర్లు తెలియని అవతలి పిల్లలు, అక్క రత్తమ్మ, అంటే నేను, అరచేతులు చాపిన టామ్, ఇమ్రాన్, కైల్, జోసెఫ్, మా రోహిత్, వాళ్ల వెనకాల, ఒంటికి ఏ దెబ్బా తగలకుండా, బెన్.