ధనుంజయరావు గారికి అర్థం కాలేదు

మా ధనుంజయరావు గారికి ఏదీ ఒక్కసారికి అర్థం కాదు. నరసరావుపేట ఇంజనీరింగ్ కాలేజీలో నా పక్క బల్ల ఆయనదే కాబట్టి ఆ బాధ నాకే ఎక్కువ తెలుసు. ఎవరేం చెప్పినా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అంటారు.

వాళ్ళావిడ సుశీల గారు ఫోన్ చేసి పాలు విరిగాయన్నా అదే మాట. వినుకొండ బస్సులో కండక్టర్ సీట్లు లేవన్నా అదే మాట. పాపం, ఆ కండక్టర్ చెప్పీ చెప్పీ విసిగి తన సీటే ఇచ్చేశాడు.

అలాంటి మనిషికి ఫైనలియర్ పిల్ల నజీమా ప్రాజెక్టు అప్పజెప్పారు. సముద్రంలో ప్రవాహానికి తిరిగే టర్బైన్ నుంచి వీలైనంత ఎక్కువ కరెంటు రాబట్టాలట. పల్నాడులో సముద్రమెక్కడిది? సాగర్ పిల్లకాలువలో చిన్న టర్బైన్ దించారు. రెక్కలు మరీ జోరుగా తిరిగినా, మరీ నెమ్మదిగా తిరిగినా కరెంటు తగ్గుతుందట. నీటికి తగ్గ వేగమేదో న్యూరల్ నెట్‌వర్క్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం చూసి చూసి నేర్చుకుంటుందట. నా బుర్రకి ఎక్కింది ఇంతే, అదీ సగమే.

రెంటచింతల పిల్ల నజీమాకి విషయమంతా వచ్చు. నలుగురి ముందు మాత్రం నోరు పెగలదు. మొదటి రివ్యూలో అలాగే నిలబడిపోయింది. ఎగ్జామినర్ ముందు కూడా నోరు విప్పకపోతే ఫెయిలేనని హెడ్డు చెప్పేశారు. ఫెయిలైతే వచ్చిన ఉద్యోగం పోతుంది.

ధనుంజయరావు గారేమో రోజూ అదే పాట.

"నిన్న చెప్పాగా సార్."

"చెప్పావమ్మా, నాకే ఎక్కలా. ఆ గేదెల సంగతి మళ్ళీ చెప్పు."

కరెంటు ప్రాజెక్టులో గేదెలేంటో నాకు అంతుపట్టలేదు. అడగడానికి సిగ్గేసి, ఈయన్ని గైడుగా వేసినవాళ్ళని తిట్టుకున్నాను.

ఎగ్జామినర్ వచ్చిన సాయంత్రం అందరం కాలువ గట్టుకి చేరాం. నీళ్ళు నిండుగా పారుతున్నాయి. బాగా తిరుగుతున్న టర్బైన్ ఉన్నట్టుండి నెమ్మదించింది. కరెంటు సగానికి పడిపోయింది.

"నీళ్ళు తగ్గలేదు కదమ్మా, ఇదెందుకు తగ్గింది?" అన్నారు ఎగ్జామినర్.

నజీమా తల దించుకుని లాప్‌టాప్ కేసి చూస్తోంది. ధనుంజయరావు గారు కళ్ళజోడు పైకి తోసి, "నాకూ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమ్మా" అన్నారు.

ఆమె ఎగ్జామినర్ని వదిలేసి ఆయన మీదికి తిరిగింది.

"ఎన్నిసార్లు చెప్పాలి సార్? రోజూ ఈ టైముకి రాఘవయ్య తాత గేదెలు పైన కాలవలో దిగుతై. నీళ్ళ జోరు తగ్గుద్ది. మనం రీడింగులు తీసింది అప్పుడే. ఈ టైమయితే నీళ్ళు తక్కువని ఇది నేర్చుకుంది. ఇయ్యాల గేదెలు రాలా, అయినా ఇది తగ్గింది."

"మరి దిద్దలేదా?" అడిగారు ఎగ్జామినర్, నవ్వాపుకుంటూ.

"దిద్దా సార్. టైము చూడకుండా నీళ్ళ వేగమే చూసేట్టు మళ్ళీ నేర్పా. ముందు పాతదే పెట్టమని మా సారే అన్నారు, తేడా అర్థం కాలేదంట."

కొత్తది పెట్టింది. టర్బైన్ మళ్ళీ అందుకుంది. ఇక ఆ పిల్ల ఆగితేనా. ఎగ్జామినరే తలూపి తలూపి అలిసిపోయారు.

గేదెలు ఎందుకు రాలేదోనని నేను గట్టు వెంట పైకి నడిచి చూస్తే, మలుపు అవతల రాఘవయ్య కర్ర అడ్డం పెట్టి గేదెల్ని ఆపలేక అవస్థ పడుతున్నాడు.

"ఏంది బాబాయ్ ఇది?"

"మీ ధనుంజయరావు సారు పొద్దున్నే ఇంటికొచ్చి ఒకటే బతిమాలాడు. ఆ పిల్ల మాట్లాడిందాకా వీటిని దించొద్దన్నాడు. మాట్లాడిందా?"

నాకు అప్పటికి అర్థమైంది. ఆ పెద్దమనిషి చెప్పలేనంత ముద్దొచ్చారు.

"మాట్లాడుతూనే ఉంది బాబాయ్."

రాఘవయ్య కర్ర తీసేశాడు. గేదెలన్నీ ఒక్కసారిగా కాలువలో పడ్డాయి.